పిరదౌసిని రాసినోనికి మన ఇంట్ల గ్లాసేది?



పోయిన జుమా నమాజ్ అయినంక నార్సింగిలో ఒక దోస్త్ ఇంటికి అఖీఖా దావత్‌కు పోయిన. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కొత్తగా లేచిన టవర్. పదిహేడో అంతస్తు. బాల్కనీలో నిలబడితే ఒక దిక్కు మూసీ సన్నగా కనబడ్తది, ఇంకో దిక్కు కోకాపేట క్రేన్లు. 2023 ఆగస్టులో ఎకరం నూరు కోట్లు దాటి వేలంపాట పోయిన జమీన్ అదే. నా చిన్నప్పుడు అబ్బా సైకిల్ మీద కూసోబెట్టుకొని గండిపేట చెరువు చూపెట్టనీకి ఈ తొవ్వల్నే తీసుకపోయేటోడు. అప్పుడు ఇక్కడ బండరాళ్లు, సీతాఫలం చెట్లు, కొన్ని వరి మళ్లు. ఇప్పుడు అన్నీ అద్దాలే.

దావత్ షాందార్‌గా ఉండె. చేతులు కడుక్కుందామని వెనక బాల్కనీ దిక్కు పోయిన. వాషింగ్ మిషన్ వెనక, ఫినాయిల్ డబ్బా పక్కన, ఒక స్టీలు గ్లాసు, ఒక సొట్టవోయిన ప్లేటు బోర్లించి ఉన్నయి. ఇవేంది ఇక్కడున్నయి అని అడిగిన. దోస్త్ బీవీ మామూలుగనే చెప్పింది: "అవి పనామెవి భాయ్. ఆమెకు అలగ్ పెట్టినం." ఎందుకు అలగ్ అన్న. "వాళ్లు వేరే కదా భాయ్. సాఫ్ సఫాయీ చూసుకోవాలె కదా."

ఆమె పేరేంది అని అడిగిన. దోస్త్ బీవీ దిక్కు చూసిండు. బీవీ దోస్త్ దిక్కు చూసింది. ఇద్దరికీ తెల్వదు. రెండేండ్ల నుంచి వాళ్ల గిన్నెలు తోముతున్న మనిషి.

మరి నేనేమన్న? ఏమనలే. బిర్యానీ తిన్న, డబల్ కా మీఠా తిన్న, బచ్చాకు దువా చేసిన, లిఫ్టు ఎక్కి దిగొచ్చిన. కింద లిఫ్టు పక్కన ఒక బోర్డు: పనివాళ్లు సర్వీస్ లిఫ్ట్ మాత్రమే వాడవలెను. అది చదివినంక తిన్నది అరగలే.

ఒక మాట యాదికి తెచ్చుకోండ్రి. ఈ దోస్తే ఏడాది కింద నాకు ఫోన్ చేసి గంటసేపు గుస్సా అయ్యిండు. కిరాయి ఇల్లు కోసం మణికొండ నుంచి పుప్పాలగూడ దాక నాలుగు ఫ్లాట్లు చూసిండట. నాలుగు తావులల్ల పేరు అడిగిండ్రు, పేరు చెప్పంగనే 'ఓనర్ వెజిటేరియన్ అండి' అన్నరట. "యార్, నేను పెద్ద కంపెనీల టీమ్ లీడ్‌ను, నాకు ఇల్లు ఇయ్యరా? మేం మనుషులం కాదా?" అని అడిగిండు. ఆ దర్ద్ నిజం. నేను పేపర్లల్ల దాని మీద రాసిన. ఆ దర్ద్ తిన్న ఇంట్లనే వాషింగ్ మిషన్ వెనక ఆ గ్లాసు ఉంది.

అందుకే ఈ రాత. ఇది ఆ దోస్త్ మీద కాదు. మన మీద.

అబ్బా అడిగిన సవాల్

నేను ఉర్దూ మీడియం బడిలో చదువుకున్న. తెలుగు మాకు ఒక సబ్జెక్టు, అంతే. ఇంటర్ అయినంక జిద్దు చేసి డిగ్రీల తెలుగు తీసుకున్న. క్లాసుల నేనొక్కన్నే తురక పిల్లగాన్ని. అటెండెన్స్ తీసుకునేటప్పుడు నా పేరు దగ్గర అందరూ ఒకసారి వెనక్కి తిరిగి చూసేటోళ్లు. 'అరె, నీ తెలుగు బాగుందే' అని తారీఫ్ చేసేటోళ్లు. ఆ తారీఫ్ లోపల ఉన్న ముల్లు మీకు తెలుసు. తెలుగు నీది కాదు, ఆయినా బాగనే మాట్లాడుతున్నవ్ అని దాని మతలబు.

ఆ రోజులల్ల లైబ్రరీల ఒక సన్న పుస్తకం చేతికి దొరికింది. 'పిరదౌసి'. రాసినాయన గుర్రం జాషువ. 1932 నాటి కావ్యం. ఇంటికి తీసుకపోయి రాత్రి చదువుతుంటే అబ్బా అడిగిండు: "క్యా పఢ్ రహా హై?" ఫిర్దౌసీ కిస్సా అబ్బా, షానామా రాసిన ఫిర్దౌసీ, గజనీ మహమూద్ అన్న. అబ్బా కండ్లు పెద్దగైనయి. "తెలుగుల ఫిర్దౌసీయా? లిఖ్‌నేవాలా కౌన్? ముసల్మాన్ హై?"

కాదు అబ్బా, కిరస్తానీ. వాళ్ల అమ్మది మాదిగ కులం.

అబ్బా కొంచెంసేపు చుప్ ఉండి అడిగిండు: "ఉస్‌కో హమారే ఫిర్దౌసీ సే క్యా కామ్?"

ఆయనకు మన ఫిర్దౌసీతో ఏం పని? ఈ సవాల్‌కు జవాబు దొరకనీకి నాకు చాన ఏండ్లు పట్టింది. జవాబు జాషువ జిందగీల ఉంది.

రెండు దర్వాజాలు, రెండూ బంద్

జాషువ 1895 సెప్టెంబర్ 28న, ఇప్పుడు పల్నాడు జిల్లాల ఉన్న వినుకొండల పుట్టిండు. నాయిన వీరయ్య యాదవుడు. అమ్మ లింగమాంబ మాదిగ. ఇద్దరూ వేరు వేరు కులాలోళ్లు ఒకటైనందుకు ఊరు వాళ్లను ఊరికే వదిలిపెట్టలే. బడికి పోతే అంటరానోడని దూరం కూసోబెట్టుడు, తిట్టుడు. పిల్లగాడు పడి ఉండేటోడు కాదు, ఎదురు తిరిగేటోడు. వినుకొండల ఒక అవధాన సభల పద్యాలు చదివితే, తక్కువ కులపోన్ని సభలకు ఎందుకు రానిచ్చిండ్రని గొడవ చేసిండ్రు. పద్యం ఎట్లుందని ఎవరూ అడగలే. ఎవని కొడుకు రాసిండని అడిగిండ్రు.

ఇటు దిక్కు ఇట్లుంటే అటు దిక్కు చూడుండ్రి. ఆయన కిరస్తానీ ఖాందాన్ల పుట్టినోడు. చర్చి అన్నా దగ్గరికి తీస్తదనుకుంటం కదా. పురాణాలు చదువుతుండు, హిందువుల కథల మీద పద్యాలు రాస్తుండు అని చర్చి పెద్దలు ఆయనను తమ సమాజం నుంచి బయటికి వెళ్లగొట్టిండ్రు. గుడి రానియ్యదు, చర్చి ఉండనియ్యదు. రెండు దర్వాజాలు, రెండూ బంద్. నడుమ గల్లీల నిలబడి ఆ మనిషి తెలుగు పద్యాన్ని పట్టుకున్నడు.

కడుపు కోసం ఆయన చెయ్యని పని లేదు. 1910ల మేరీతో పెండ్లి అయ్యింది. మిషన్ బడిల నెలకు మూడు రూపాయల తన్‌ఖా. ఆ నౌకరీ పోయింది. 1915-16ల రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర వెనక నిలబడి కథ, మాటలు చదివే పని చేసిండు. అంటే తెర మీద బొమ్మ ఆడుతుంటే గొంతు ఈయనది. జనం బొమ్మను చూస్తరు, గొంతుగల్లోన్ని చూడరు. తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి ట్రెయినింగ్ బడిల పంతులు, ఆ తర్వాత సర్కారీ బడిల తెలుగు పండితుడు. రెండో ప్రపంచ యుద్ధం రోజులల్ల యుద్ధ ప్రచారకుని నౌకరీ. 1957 నుంచి 59 దాక మద్రాసు రేడియోల. పేదరికం ఒక ఉస్తాదు, కుల మత భేదం ఒక ఉస్తాదు, నాకు ఇద్దరే ఉస్తాదులు అని ఆయన చెప్పుకున్నడు.

ఇజ్జత్ కూడా వచ్చింది, కాదనను. తిరుపతి వేంకట కవులల్ల ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, అంత పెద్ద బ్రాహ్మణ పండితుడు, తన చేతులతోని జాషువ కాలికి గండపెండేరం తొడిగిండు. 1964ల 'క్రీస్తు చరిత్ర'కు సాహిత్య అకాడమీ అవార్డు. అదే ఏడు శాసన మండలి సభ్యుడయ్యిండు. 1970ల పద్మభూషణ్. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూసిండు.

కాని అబ్బా సవాల్ అట్లనే ఉంది. ఫిర్దౌసీతో ఏం పని?

బంగారం అన్నరు, వెండి ఇచ్చిండ్రు

మన ఇండ్లల్ల పెద్దోళ్లకు ఆ కిస్సా తెలుసు. ఇప్పటి పిల్లలకు తెల్వదు గనుక చెప్త. ఫిర్దౌసీ ఇరాన్‌ల తూస్ షహర్ ఆయన. ముప్పై ఏండ్లు కూసొని షానామా రాసిండు. సుల్తాన్ మహమూద్ ఒక్కో షేర్‌కు ఒక్కో బంగారు నాణెం ఇస్త అన్నడట. తీరా గ్రంథం పూర్తయి ముందల పెడితే వెండి నాణేలు పంపిండు. దర్బారుల చాడీలు పనిచేసినయి. కవి దిల్ పగిలింది. షహర్ వదిలి పారిపోయిండు, ముసలితనంల దర్‌బదర్ తిరిగిండు. సుల్తాన్‌కు ఎప్పుడో షరమ్ వచ్చి బంగారం పంపిండు. బంగారం మోసిన ఒంటెలు తూస్‌కు ఒక దర్వాజా నుంచి వస్తుంటే, ఇంకో దర్వాజా నుంచి కవి జనాజా పోతుంది. బిడ్డ ఆ బంగారాన్ని ముట్టలే.

ఇది తారీఖ్ కాదు, రివాయత్. కాని ఈ రివాయత్‌ల ఇంకో ముక్క ఉంది, దాన్ని మనోళ్లు చెప్పరు. పన్నెండో సదీల నిజామీ అరూజీ రాసిన 'చహార్ మఖాలా'ల ఉంది. ఫిర్దౌసీ మయ్యత్‌ను ముసల్మాన్ల ఖబ్రస్తాన్ల పెట్టనియ్యనని ఆ ఊరి వాయిజ్ అడ్డం తిరిగిండట. రాఫిజీ అన్నడు. ఆఖరికి కవిని ఆయన సొంత బాగ్‌లనే దఫన్ చేసిండ్రట.

ఇప్పుడు జాషువను యాది చేసుకోండ్రి. ఒక దిక్కు సభల నుంచి లేవగొట్టిండ్రు, ఇంకో దిక్కు చర్చి నుంచి వెళ్లగొట్టిండ్రు. పని బంగారం, కూలి వెండి. కొన్నిసార్లు ఆ వెండి కూడా లేదు. తొమ్మిది వందల ఏండ్ల కింద తూస్‌ల పోయిన ముసల్మాన్ శాయరు, వినుకొండ మాదిగ తల్లి కొడుక్కు సగా భాయి లెక్క కనబడ్డడు. ఆయన ఫిర్దౌసీ మతం అడగలే. దర్ద్ అడిగిండు. తన దర్ద్‌ను ఆయన నోట్ల పెట్టి తెలుగు పద్యం చేసిండు. తర్వాత 'ముంతాజ్ మహల్' రాసిండు. 1963ల ఇంకో కావ్యానికి 'ముసాఫరులు' అని పేరు పెట్టిండు. ఉర్దూ మీడియం పిల్లగాన్ని నేను, తెలుగు లైబ్రరీల ఆ పేరు చూసి నిలబడిపోయిన. మన లఫ్జ్ అది. దాన్ని ఇంత మొహబ్బత్‌తోని తెలుగు కావ్యం నొసట పెట్టినోడు ఎవడున్నడు?

అబ్బా, ఇదీ జవాబు. ఆయనకు మన ఫిర్దౌసీతో చానా పని ఉండె. మనకే ఆయనతో పని లేకుండా పోయింది.

గబ్బిలం, సర్వీస్ లిఫ్టు

1941ల జాషువ 'గబ్బిలం' రాసిండు. కాళిదాసు మేఘసందేశంల యక్షుడు మేఘంతోని బీవీకి కబురు పంపుతడు. జాషువ కథల అట్లాంటి దర్జా లేదు. తంజావూరు దిక్కు ఒక అంటరాని పిల్లగాడు, కడుపుల ఆకలి, ఇంట్ల చీకటి. ఆ చీకట్లకు ఒక గబ్బిలం వస్తది. కాశీల ఉన్న శివునికి నా గోడు చెప్పిరా అని దానితోని కబురు పంపుతడు. ఎందుకు గబ్బిలం? గబ్బిలం గుళ్లకు పోవచ్చు. దేవుని నెత్తి మీద తలకిందుల వేలాడొచ్చు. ఎవరూ అడ్డం చెప్పరు. మనిషి పోరాదు. పక్షికి, పురుగుకు ఉన్న ఇజాజత్ మనిషికి లేదు.

ఇది చదివినప్పుడు మనకు ఒక ఫఖర్ వస్తది. నాకూ వచ్చింది. మన మస్జిద్‌ల ఈ బీమారీ లేదు కదా అని. సఫ్‌ల ముందు ఎవరు వస్తే వాళ్లు ముందు. నవాబ్ పక్కన హమాలీ. ఇది నిజం, దీన్ని ఎవరూ గుంజుకోలేరు. హజ్రత్ బిలాల్ పేరు తీస్తే మన కండ్లల్ల నీళ్లు వస్తయి. మక్కా ఫతహ్ రోజు కాబా మీదికెక్కి అజాన్ ఇచ్చిన నల్ల గులాం ఆయన.

కాని భాయీలు, ఆపాలు, మస్జిద్ దర్వాజా వేరు, ఇంటి దర్వాజా వేరు. మస్జిద్‌ల ఐదు నిమిషాలు పక్కన నిలబడినోన్ని ఇంట్ల దస్తర్‌ఖాన్ మీద ఎన్నిసార్లు పక్కన కూసోబెట్టుకున్నం? ఆ నార్సింగి టవర్‌ల మెయిన్ లిఫ్టుల కుక్కపిల్లను ఎత్తుకొని పోతుంటే నేను చూసిన. గిన్నెలు తోమే ఆమె సర్వీస్ లిఫ్టు ముందల నిలబడి ఉంది. జాషువ గబ్బిలం ఇంక తిరుగుతనే ఉంది.

దాదా చేసిన పని

ఇక్కడ ఒక మరాఠీ రచయిత ముచ్చట చెప్పాలె. శరణ్‌కుమార్ లింబాళే. సోలాపూర్ జిల్లా అక్కల్‌కోట్ తాలూకా హన్నూరుల 1956ల పుట్టిండు. సోలాపూర్ మనకు దూరమేం కాదు. మన పద్మశాలీలు బతకపోయి మగ్గాలు నేసిన ఊరు, ఇప్పటికీ గల్లీలల్ల తెలుగు వినబడ్తది. లింబాళే తల్లి మహార్ కులం. నాయిన లింగాయత్ పాటీల్, ఊరి దొర. ఆయన కొడుకని చెప్పుకోలే. 1984ల లింబాళే తన జిందగీని 'అక్కర్మాషీ' అని పుస్తకం చేసిండు. తులానికి పన్నెండు మాషాలు. పదకొండే ఉంటే అది పూర్తి తులం కాదు, తక్కువ సరుకు. ఆ కొలత నుంచి వచ్చిన తిట్టు అది. బాప్ లేనోడు, అధూరా మనిషి అని. ఆ తిట్టునే పుస్తకానికి పేరు పెట్టిండు. తర్వాత దళిత సాహిత్యాన్ని ఏ కొలతతో చూడాలె అని కితాబు రాసిండు. 2020 సంవత్సరానికి సరస్వతీ సమ్మాన్ ఆయన 'సనాతన్' నవలకు వచ్చింది.

ఆ పుస్తకంల ఒక మనిషి ఉన్నడు. మహమూద్ దస్తగీర్ జమాదార్. ముసల్మాన్. బస్ స్టాండుల మూటలు మోసే హమాలీ. లింబాళే అమ్మమ్మ సంతామాయితోని కలిసి బతికినోడు. పిల్లగాడు ఆయనను దాదా అని పిలిచేటోడు. సొంత నాయిన పేరు ఇయ్యని పిల్లగాన్ని, ఊరు అంటుకోని పిల్లగాన్ని ఆ హమాలీ తన చేతులతోని పెంచిండు. మూటలు మోసిన పైసలతోని పెట్టిండు.

నాకు తెలుసు, మనోళ్లల్ల కొందరు వెంటనే అడుగుతరు: వాళ్లకు నికా అయ్యిందా? అడగండ్రి. ఆ హిసాబ్ అల్లా దగ్గర ఉంటది. నేను ఇంకో హిసాబ్ అడుగుత. దీని గురించి అన్నీ తెలిసిన మనం, నికాలు పక్కాగ ఉన్న మనం, షజ్రాలు గోడకు వేలాడదీసుకున్న మనం, ఎంతమంది మహార్ పిల్లలకు, మాదిగ పిల్లలకు ఒక పూట మన ప్లేటుల అన్నం పెట్టినం? మరాఠీ దళిత సాహిత్యంల ముసల్మాన్ పేరు ఇజ్జత్‌తోని నిలబడ్డదంటే ఒక బస్ స్టాండు హమాలీ వల్ల నిలబడ్డది. మన ఆలిమ్‌ల వల్ల కాదు, మన ఇంజనీర్ల వల్ల కాదు, నా వంటి అఖ్బార్‌వాలాల వల్ల అసలే కాదు.

మూడు బహానాలు

ఈ మాట ఎక్కడ తీసినా మూడు బహానాలు వస్తయి. మూడింటికీ జవాబు చెప్త.

మొదటిది: ఇస్లాంల జాత్ లేదు. సహీ. సూరా హుజురాత్ చదివినోనికి, ఆఖరీ హజ్ ఖుత్బా విన్నోనికి ఇందుల షక్ ఉండదు. తఖ్వా తప్ప ఇంకో బడాయి లేదు. కాని ఇస్లాంల లేదు అంటే ముసల్మాన్లల్ల లేదు అని మతలబు కాదు. రిష్తా మాట వచ్చినప్పుడు ఏం అడుగుతం? 'సయ్యదులా, పఠాన్లా, షేకులా?' దూదేకులోళ్ల మీద ఎన్ని లతీఫాలు చెప్పుకొని నవ్వుతం? 2007ల బీసీ-ఈ చట్టం వచ్చినప్పుడు అందుల 14 గ్రూపులు రాసిండ్రు. హజామ్, ధోబీ, ఫకీర్. ఇవన్నీ మన మొహల్లాల ఉన్న మనుషులే కదా. ఆ చట్టం నాలుగు శాతం కోసం ఆఫీసుల ముందల లైన్ల నిలబడి మాల జాత్ ఉంది, మాకు సర్టిఫికెట్ ఇయ్యుండ్రి అంటం. ఇంటికొచ్చి మాల జాత్ లేదు అంటం. ఢిల్లీల ఇంకో ముఖద్దమా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది, 1956ల సిక్కులకు, 1990ల బౌద్ధులకు ఇచ్చిండ్రు. ముసల్మాన్లకు, కిరస్తానీలకు ఇంక ఇయ్యలే. మతం మారినంత మాత్రాన అంటరానితనం పోదు, కాబట్టి దళిత ముసల్మాన్‌కు హక్ ఇయ్యుండ్రి అని మన లీడర్లు అడుగుతున్నరు. అడగాలె కూడా. మరి ఆ వాదన నిజమైతే మన ఇంట్ల అంటరానితనం ఉన్నట్టే కదా. రెండు నాలుకలతోని ఎన్నాళ్లు మాట్లాడ్తం?

రెండోది: ఇది జాత్ కాదు భాయ్, సాఫ్ సఫాయీ. మంచిది, పరీక్ష చేద్దం. ఏసీ బాగుచేసెటోడు చెమటతోని వస్తడు. అతనికి ఏ గ్లాసుల నీళ్లిచ్చినవ్? ఆఫీసు దోస్తు జలుబుతోని వస్తడు. అతని గ్లాసు వాషింగ్ మిషన్ వెనక పెట్టినవా? లేదు. మరి ఈ సఫాయీ ఒక్క ఆమె దగ్గరనే ఎందుకు యాదికొచ్చింది? పైగా నీ గిన్నెలన్నీ తోమేది ఆమె చేతులే. ఆ చేతులు తోమిన ప్లేటుల నువ్వు తింటవ్, ఆ ప్లేటుల ఆమె తింటే పలీద్ అయితదా? హనఫీ ఫిఖ్ కితాబు తీసి చూడుండ్రి. మనిషి ఎంగిలి పాక్. ముసల్మాన్ అయినా, కాకపోయినా. మీకు నమ్మకం లేకుంటే మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడగండ్రి. అంటే ఈ అలగ్ గ్లాసు మక్కా నుంచి రాలే, మదీనా నుంచి రాలే. వినుకొండ బడిల జాషువను దూరం కూసోబెట్టిన మడి ఉంది చూసిండ్రా, అక్కడి నుంచి వచ్చింది. దాన్ని మనం తెచ్చుకొని తహారత్ అని పేరు పెట్టినం.

మూడోది, అన్నింటికంటే బలమైనది: మేమే మజ్లూములం, మా మీద జుల్మ్ జరుగుతుంది, మమ్మల్నే అడుగుతరా? అవును, మిమ్మల్నే అడుగుత. జుల్మ్ తిన్నోనికి జుల్మ్ చేసే లైసెన్సు ఎవడూ ఇయ్యలే. కిరాయి ఇల్లు దొరకనప్పుడు నా దోస్త్ దిల్ ఎట్ల కాలిందో, ఆ గ్లాసు చూసినప్పుడల్లా ఆ అమ్మ దిల్ అట్లనే కాలుతది. కాలుడుకు మజ్‌హబ్ లేదు.

ఇంకొకటి కూడా ఉంది. మనం తెలుగుల మన దర్ద్ రాసుకున్న రోజులు యాది చేసుకోండ్రి. 1985ల కారంచేడు, 1991ల చుండూరు. ఆ నెత్తురు మీద నిలబడి దళిత కవులు తెలుగు కవిత్వం నడకనే మార్చిండ్రు. 1995ల 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. అప్పటికే ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. బాబ్రీ మస్జిద్ కూలినంక మన పిల్లలు గుంపుగ కలం పట్టిండ్రు, 1998ల స్కైబాబ సంపాదకత్వంల 'జల్‌జలా' వచ్చింది. నా అవమానం నా భాషల నేనే రాస్త, మీ పర్మిషన్ అక్కర లేదు అనే హిమ్మత్ మాకు ఎక్కడి నుంచి వచ్చిందంటే, నా వరకు నేను చెప్త, దళితుల దగ్గర నుంచి వచ్చింది. ఆ తొవ్వ మొదట చెక్కినోడు జాషువ. 'తెలుగు నీది కాదు' అనే మాట మనకంటే ముందు విన్నోడు ఆయన. ఆ మాటకు పద్యంతోని జవాబిచ్చి తెలుగును తనది చేసుకున్నోడు ఆయన. ఇది ఖర్జ్ భాయీ. జనాజా లేచే ముందు ఖర్జ్ ఉందా అని అడుగుతరు మనల. ఈ ఖర్జ్ సంగతి కూడా అడుగుతరు.

మా ఇంటి అల్మారీ

ఆ దావత్ నుంచి వచ్చిన రాత్రి ఇంత గుస్సాతోని ఇదే రాత మొదలుపెట్టిన. నడుమల నీళ్లు తాగుదామని వంటింట్లకు పోయిన. అట్లనే చెయ్యి ఆగింది. అల్మారీ కింది అరల, ఉల్లిగడ్డల బుట్ట వెనక, నీలి రంగు ప్లాస్టిక్ గ్లాసు ఒకటి ఉంది. బీవీని లేపి అడిగిన. ఇది ఎవరిది? "అమ్మీ ఉన్నప్పటి నుంచి అది అట్లనే ఉంది. పనామె దాంట్లనే తాగుతది. నేనేం పెట్టలే, నేనేం తీయలే," అన్నది.

నేను కూడా పెట్టలే. తీయలే. పదిహేనేండ్ల నుంచి జాషువ పుస్తకం ముందు అర్రల ఉంది, ఆ గ్లాసు వెనక అర్రల ఉంది. నేను ఈ అర్రల నుంచి ఆ అర్రలకు రోజూ తిరుగుతున్న. అమ్మీ మంచి మనిషి, తహజ్జుద్ తప్పకపోయేది, బిచ్చగాన్ని ఖాలీ చేతులతోని పంపకపోయేది. మంచి మనుషుల ఇండ్లల్లనే ఈ గ్లాసు ఉంటది, అదే ముసీబత్. బుర్రెవాళ్లయితే గుర్తుపట్టి తన్నొచ్చు.

పొద్దుగాల ఆ నీలి గ్లాసును పారేసిన. ఆమె వచ్చినప్పుడు మేం తాగే స్టీలు గ్లాసుల చాయ్ పోసి బీవీ ఇచ్చింది, కుర్చీ చూపెట్టింది. ఆమె కుర్చీల కూసోలే. "నా గ్లాసేది మేడం?" అని అడిగింది. ఇదే అని బీవీ అన్నది. ఆమె నా దిక్కు చూసింది, బీవీ దిక్కు చూసింది. అప్పుడు గ్లాసును పెదాలకు తాకియ్యకుండ పైకెత్తి పోసుకొని తాగింది. వేడి చాయ్. గొంతు కాలింది కావచ్చు.

నేను గ్లాసు మార్చిన. ఆమె లోపల ఎన్ని పుష్తుల నుంచి ఉన్న ఆ భయాన్ని ఒక పొద్దున్ల మార్చలేను. దానికి టైం పడ్తది, ఆ టైం మనం ఇయ్యాలె.

గందుకే వాయిదా వెయ్యకుండ్రి. ఇయ్యాల మీ వంటింట్లకు, బాల్కనీలకు పోయి చూడుండ్రి. ఆ గ్లాసు ఉంటే తీసెయ్యండ్రి. ఆమె పేరు అడగండ్రి, పేరుతోని పిలవండ్రి, పెద్దదైతే అమ్మా అనండ్రి, అక్కా అనండ్రి. మీ టవర్ కమిటీల ఉంటే సర్వీస్ లిఫ్టు బోర్డు మాట తీయండ్రి, మీ ఇల్లు కిరాయికిచ్చేటప్పుడు కులం అడగకండ్రి. మీ పిల్లల చేతుల 'పిరదౌసి' పెట్టుండ్రి, రాసినాయన ఎవరో చెప్పుండ్రి. సెప్టెంబర్ 28 వస్తది. ఆ రోజు ఏదన్నా ఒక మస్జిద్ వరండాల, ఒక ఫంక్షన్ హాల్ల, కాకుంటే మా ఇంట్లనే, ఆ కావ్యం చదువుకుందం.

నార్సింగి దోస్త్‌కు ఇది అచ్చయ్యే ముందే పంపిన. చదివిండు. రెండు నీలి టిక్కులు పడ్డయి. జవాబు రాలే. గుస్సా అయ్యి ఉంటడు. నేను ఇంతజార్ చేస్త. వచ్చే జుమా మళ్ల అదే మస్జిద్‌ల కలుస్తం, అదే సఫ్‌ల నిలబడ్తం. నమాజ్ అయినంక అతన్ని చాయ్‌కు మా ఇంటికి పిలుస్త. ఆమె తాగిన గ్లాసులనే ఇస్త.